ఎవరమ్మాయివి అని అడిగే ఊరు

ఈ ప్రయాణంలో గుళ్ళూ గోపురాలూ లేవు. కొండలున్నాయి గానీ వాటిని తవ్వి లారీల్లో పోసుకుపోతున్నారు. నేను వెళ్ళింది అవి చూడ్డానికీ కాదు. ఒక అమ్మాయి దొంగో కాదో తేల్చి రమ్మని మా ఆఫీసు నన్ను జగ్గయ్యపేట, నందిగామ వైపు పంపింది. తేల్చుకునే వచ్చాను. దానివల్ల ఎవరికీ పిసరంత మేలు జరగలేదు. అయినా రాస్తున్నాను. ఏసీ గదుల్లో కూర్చుని ఆ పల్లెల గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్ళు అక్కడికి ఎలాగూ వెళ్ళరు, కనీసం చదువుతారేమోనని చిన్న ఆశ.

నేను హైదరాబాద్‌లో ఒక సర్వే సంస్థలో పనిచేస్తాను. ఊళ్ళ నుంచి వచ్చే జవాబుల్ని సరిచూడటం నా పని. ఎన్నికలకు ముందు మా సంస్థ ఫలానా పార్టీ గెలుస్తుందని టీవీలో ఢంకా బజాయించి చెప్పింది. ఆ పార్టీ చిత్తుగా ఓడిపోయింది. మా డైరెక్టర్ గారు రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు ముఖం కడుక్కుని వచ్చి, తప్పు ఎక్కడుందో దొరికిందన్నారు. జగ్గయ్యపేట, నందిగామ మధ్య పల్లెల్లో సర్వే చేసిన శిరీష అనే అమ్మాయి తెచ్చిన జవాబులన్నీ దాదాపు ఓడిన పార్టీ వైపే ఉన్నాయట. ఎక్కడైనా ఇంత ఏకపక్షంగా వస్తుందా, ఆ పిల్ల ఇళ్ళకు వెళ్ళకుండా టాబ్లెట్‌లో జవాబులు తనే నొక్కేసిందని ఆయన తీర్పు. టాబ్లెట్‌లో లొకేషన్ ఆ ఊళ్ళోనే చూపిస్తోంది కదండీ అన్నాను. ఊళ్ళోకి వెళ్ళి ఏ అరుగు మీదో కూర్చుని నొక్కి ఉంటుందన్నారు.

సర్వే సంస్థలన్నిటికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో శిరీష ఫొటో పెట్టి, ఈమెకు పని ఇవ్వొద్దని రాయబోతున్నారు. ఆ గ్రూపులో పడితే ఆ పిల్లకు విజయవాడ నుంచి విశాఖపట్నం దాకా ఎవరూ పని ఇవ్వరు. కనుక్కోకుండా ఎలా రాస్తారని అడిగాను. "అయితే మీరే వెళ్ళి కనుక్కు రండి మేడం" అన్నారాయన, నేను వెళ్ళననుకుని.

స్టిక్కర్ మార్చిన ఆటో

కోదాడ దాటి ఆంధ్రాలోకి వచ్చాక చిల్లకల్లు దగ్గర బస్సు దిగాను. ఫలితాలొచ్చి వారమైనా ఎండలు తగ్గలేదు. రోడ్డు పక్క వేపచెట్లు సిమెంటు దుమ్ముతో బూడిద రంగులోకి మారిపోయి ఉన్నాయి. జగ్గయ్యపేటకు ఆటో మాట్లాడుకున్నాను. ఆటో అద్దం మీద గెలిచిన పార్టీ నాయకుడి బొమ్మ కొత్తగా మెరుస్తోంది. దాని చుట్టూ పాత స్టిక్కర్ గీకేసిన జిగురు మరకలు ఇంకా అలాగే ఉన్నాయి.

"ఎప్పుడు మార్చావు బాబూ?" అన్నాను.

"రిజల్టొచ్చిన రోజు మధ్యాహ్నమే మార్చా మేడం. సాయంత్రం దాకా ఆగితే స్టాండులో నా ఆటో ఆగనిస్తారా?"

"మరి నీ ఓటు ఎవరికి వేశావు?"

అద్దంలోంచి నన్ను ఒకసారి ఎగాదిగా చూశాడు. "మీరెవరి తాలూకు మేడం?" అన్నాడు. ఎవరి తాలూకూ కాదన్నాను. ఎవరి తాలూకూ కాని మనిషి ఎలా ఉంటుందో అతనికి ఊహకు అందినట్టు లేదు. లాడ్జి దగ్గర దించి, డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయాడు.

రాత్రి ఒక మెస్సులో భోజనం చేశాను. వడ్డించినావిడ పండుమిరపకాయల పచ్చడి ఇంత ముద్ద వేసి, పైన నెయ్యి ధారగా పోసింది. మాది రాజాం వైపు. పులుసులో బెల్లం ముక్క పడకపోతే మాకు ముద్ద దిగదు. మొదటి ముద్దకే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. "ఏంటమ్మా, మీ వైపు కారం తినరా?" అని ఆవిడ నా పక్కనే కూర్చుని, నేను మజ్జిగ తాగేదాకా నవ్వుతూనే ఉంది. పచ్చడి మాత్రం అద్భుతం. ఏడుస్తూనే ఇంకో ముద్ద పెట్టించుకున్నాను. ఈ యాత్రలో నాకు మిగిలిన సుఖం అదొక్కటే కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

మేం ఎవర్నీ చూళ్ళేదు

మర్నాడు శిరీష సర్వే చేసిన ఊళ్ళలో ఒకదానికి వెళ్ళాను. ఆ ఊరి పేరు రాయను. ఎందుకు రాయలేదో చివరికి మీకే తెలుస్తుంది. ఒక పక్క పత్తి చేలు, దున్ని సిద్ధం చేసుకుని వాన కోసం చూస్తున్నారు. ఇంకో పక్క సున్నపురాయి క్వారీ. మధ్యాహ్నం పేలుడు పెట్టినప్పుడు వంటింటి అరల్లో గిన్నెలు కదులుతాయి. ఎవరూ తల కూడా తిప్పరు.

మొదటి ఇంటి ముందు నిలబడగానే ఒకావిడ అడిగింది, "ఎవరమ్మాయివి?" అని. యాభై దాటిన దాన్ని, నన్ను అమ్మాయి అన్నందుకు ముచ్చటేసింది. రెండో ఇంట్లోనూ అదే ప్రశ్న. మూడో ఇంట్లోనూ అదే. మా రాజాం వైపూ అడుగుతారు గానీ అన్నం పెట్టాక అడుగుతారు. ఇక్కడ ఆ సంగతి తేలితే తప్ప గుమ్మం దాటనివ్వరు. నేను నాన్న పేరు చెప్పాను, ఊరు చెప్పాను. ఆ పేరుకు ఇక్కడ చెల్లుబాటు లేదు.

"ఎన్నికలప్పుడు శిరీష అని ఒకమ్మాయి వచ్చిందా? చేతిలో పలకలాంటి ఫోను పట్టుకుని?"

"లేదమ్మా, మా ఇంటికి ఎవరూ రాలా."

"ఎవర్నీ చూళ్ళేదండి."

"మేం పొద్దున పోతే మాపటికి వస్తాం, ఎవరొచ్చారో మాకేం తెల్సు?"

కోటమ్మ అనే ఆవిడ ఒక్కతే కాస్త తడబడింది. అరవై ఏళ్ళుంటాయి. మిరప తోటల్లో కాయ కోతకు వెళ్తుంది. వసారాలో మంచం మీద వడియాలు ఆరబెడుతోంది. శిరీష పేరు వినగానే చేయి ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత వడియాల వైపే చూస్తూ, "నాకు తెలీదమ్మా, కళ్ళు సరిగా కనపడవు" అంది. అంతసేపూ వడియం పక్కన వడియం గీత గీసినట్టు పెడుతూనే ఉంది.

ఊరు దాటేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. డైరెక్టర్ చెప్పిందే నిజమేమో అనిపించింది. ఎండలో ఇంత దూరం వచ్చి ఆయన మాటకు నేనే సాక్ష్యం పోగుచేసి ఇస్తున్నానా అని నా మీద నాకే కోపమొచ్చింది.

నందిగామలో ఒక పెద్దమనిషి

సాయంత్రం నందిగామ చేరాను. బస్టాండు దగ్గర చిన్నరసాలు బుట్టల్లో పెట్టి అమ్ముతున్నారు. సీజన్ అయిపోవచ్చింది, డజను రెండొందలన్నాడు. కొని రోడ్డు మీదే రెండు పిండుకుని తాగాను, చీర మీద రసం కారింది. హోటల్లో ఇడ్లీ తింటుంటే ఎదురుగా తెల్ల చొక్కా పెద్దమనిషి ఒకాయన మాట కలిపారు. పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరయ్యారట. పొలం పాలేరుకి అప్పజెప్పి, సగం రోజులు హైదరాబాద్‌లో, సగం రోజులు ఇక్కడ ఉంటారట. నేను సర్వే సంస్థ అనగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"మీలాంటి చదువుకున్నవాళ్ళు చెప్పండి మేడం. నా ఓటూ మా పాలేరు ఓటూ ఒకటేనా? వాడికి ఏం తెలుసండి? ఎవడు ఏమిస్తే వాడికి గుద్దేస్తాడు. ఈ జనంతో ఇంతేనండి."

"మీరు ఓటేశారా అండి?"

"ఆ రోజు ఎండ చూశారుగా. నేను బీపీ మనిషిని. ఆ లైన్లో ఎవరు నిలబడతారండి?"

"మరి మీ పాలేరు?"

"వాడా! పొద్దున్నే పని ఎగ్గొట్టి వెళ్ళి నిలబడ్డాడు" అన్నారాయన, చాలా చిరాగ్గా.

నేను ఇడ్లీ వైపే చూస్తూ తిన్నాను. మా సంస్థ పిలిచే చర్చల్లో మాట్లాడేవాళ్ళందరూ సరిగ్గా ఇలాగే మాట్లాడతారు. కాకపోతే వాళ్ళ మాటల్లో ఇంగ్లీషు కాస్త ఎక్కువ. వెళ్తూ వెళ్తూ ఆయన ఇంకో ఫిర్యాదు చేశారు. "మీ సర్వేల్లో నన్నెప్పుడూ అడగరండి. అడిగితే కరెక్టుగా చెప్పేవాణ్ణి."

మెకానిక్ గారి అమ్మాయి

మర్నాడు శిరీష ఇంటికి వెళ్ళాను. నందిగామలోనే ఉంటారు. వాళ్ళ నాన్న పొలం మోటార్లు బాగుచేసే మెకానిక్. ముందు గదే షాపు, రాగి తీగల చుట్టలూ ఆయిలు వాసనా. చుట్టుపక్కల పల్లెల్లో ఏ బోరు మోటారు కాలినా ఆయన మోపెడ్ మీద వెళ్తారు. గోడకు ఓడిన పార్టీ జెండా ఒకటి, పెద్దది, కర్రకు చుట్టి ఆనించి ఉంది.

"ఇరవై ఏళ్ళ నుంచి ఆ జెండా నేనే మోస్తున్నానండి" అన్నారాయన నా చూపు గమనించి. "ఓడిపోతే ఓడిపోయాం, అది నాకు కొత్త కాదు. నా కూతుర్ని దొంగంటున్నారంట. అదండీ నాకు నిద్ర పట్టనివ్వంది."

శిరీష డిగ్రీ చదివిన పిల్ల, సన్నగా ఉంది. ఊళ్ళోవాళ్ళు అన్నమాట చెప్తే ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. "ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ వెళ్ళా మేడం. కోటమ్మ గారైతే కూర్చోబెట్టి సగ్గుబియ్యం వడియాలు వేయించి పెట్టింది. రాలేదని ఎందుకన్నారో నాకు తెలీదు" అంది.

"ఆ ఊళ్ళో నువ్వు ఎవరమ్మాయివో తెలుసా వాళ్ళకి?"

"అందరికీ తెల్సు. వెళ్ళగానే అదేగా అడిగేది. మెకానిక్ గారి అమ్మాయినంటే చాలు, కుర్చీ వేసేవాళ్ళు. ఏ ఇంట్లోనూ నన్ను నిలబెట్టి మాట్లాడలా."

నాకు అప్పటికి కొంచెం కొంచెంగా వెలుగుతోంది. స్థానికులనే పెట్టుకోవాలి, యాస కలుస్తుంది, జనం మనసు విప్పుతారు అని మా సంస్థ గొప్పగా పెట్టుకున్న నియమం. ఆ స్థానికులు ఎవరి పిల్లలో అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆ పల్లెలో అందరూ మొట్టమొదట అడిగేది అదే.

"పద, మనిద్దరం కలిసి వెళ్దాం" అన్నాను.

కోటమ్మ వసారా

ఈసారి గుమ్మంలో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. శిరీషను చూడగానే కోటమ్మ, "ఏమ్మా, ఈ ఎండలో నెత్తిన గుడ్డ కూడా లేకుండా తిరుగుతున్నావు? మీ నాన్న బాగున్నాడా?" అని లోపలికి లాక్కుపోయింది. వెనక నేను ఉన్నానన్న సంగతి అప్పుడు చూసింది. నిన్న కళ్ళు కనపడవన్న మాట ఇద్దరికీ గుర్తొచ్చింది. ఇద్దరం దాన్ని వదిలేశాం.

"నిన్న ఈ అమ్మాయి రాలేదన్నారు కదా పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ బయటికి తొంగిచూసి వచ్చి కూర్చుంది. "అంటానమ్మా. అనకపోతే ఏం చెయ్యను? వచ్చిందంటే, ఏం చెప్పావని అడుగుతారు. ఈ పిల్లకి చెప్పింది పాతోళ్ళ పేరు. ఇప్పుడొచ్చింది కొత్తోళ్ళు. ఆ మాట బయటికొస్తే నా పింఛను ఉంటదా?"

"మీరు నిజంగా పాతవాళ్ళకే వేశారా?"

"నేనెవరికేసానో నా మొగుడు బతికుండగా ఆయనకే చెప్పలా, నీకు చెప్తానా?" అని నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆపి చెప్పింది. "మా ఊళ్ళో ఈసారి గాలి అటు లేదు. అందరికీ తెల్సు. కానీ మెకానిక్ వచ్చి మోటారు బాగుచేశాక, డబ్బులు పంటకిస్తామంటే సరే అని పోయే మనిషి. ఆయన కూతురు గడపలోకొచ్చి అడిగితే, మీ నాన్న జెండా ఈసారి పడిపోద్దమ్మా అని మొహాన చెప్తామా? ఆడపిల్లని చిన్నబుచ్చుతామా? మీ నాన్న పార్టీయే అన్నాం. ఊరంతా అదే అన్నాం."

శిరీష మొహం చూడాల్సింది. అన్ని ఇళ్ళల్లో వేసిన కుర్చీలూ, పెట్టిన వడియాలూ ఒక్కసారిగా ఆ పిల్ల కళ్ళ ముందు తిరిగినట్టున్నాయి. సిగ్గుతో ఎర్రబడిపోయింది. "నాకు చెప్పొచ్చుగా పెద్దమ్మా" అంది.

"చెప్తే నువ్వు తినేదానివా ఆ పూట?"

మర్యాద వల్ల సర్వే తప్పుతుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. డబ్బుకు అమ్ముడుపోయారు, భయపడ్డారు, అజ్ఞానులు అని మా చర్చల్లో లక్ష కారణాలు వెతుకుతారు. ఒక ఊరు ఊరంతా కలిసి ఒక పిల్ల మనసు నొప్పించకూడదనుకుందని ఎవరైనా అంటే ఆ బల్ల చుట్టూ ఎవరు నమ్ముతారు?

ఉద్యోగం సంగతి కోటమ్మకు శిరీష చెప్పలేదు. నేనే చెప్పాను. ఫొటో పెట్టబోతున్నారనీ, ఇక ఎక్కడా పని దొరకదనీ. క్వారీలో పేలుడు వినిపించింది. లోపల గిన్నెలు చప్పుడు చేశాయి.

"నేను చెప్తే నమ్ముతారా మీ వాళ్ళు?"

"మీ మొహం కనపడేలా చెప్తే నమ్ముతారు. కానీ మీ పింఛను..."

"పోతే పోద్ది. ఈ పిల్ల నా మూలాన దొంగ అవ్వుద్దా? తియ్యి ఫోను."

జడ సవరించుకుని, కొంగు భుజం మీదికి లాక్కుని, మంచం మీద నిటారుగా కూర్చుంది. వీడియోలో ఆవిడ చెప్పింది ఇదే, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను. "నా పేరు కోటమ్మ. ఈ పిల్ల మా ఇంటికొచ్చింది, మా ఊరంతా తిరిగింది. అబద్ధం చెప్పింది మేం. ఈ పిల్ల కాదు."

చల్లటి గది

హైదరాబాద్ తిరుగు బస్సులో ఏనాడూ లేనంత సంతోషంగా ఉన్నాను. చేతిలో సాక్ష్యం ఉంది. డైరెక్టర్ గారు నా ఫోన్లో వీడియో రెండుసార్లు చూశారు. బాగా పనికొచ్చేది తెచ్చారు మేడం అన్నారు. తన ఫోనుకు పంపించుకున్నారు. నేను ఆవిడ పింఛను సంగతి చెప్పాను. ఇది ఆఫీసు దాటదన్నారు. నమ్మాను.

ఆ రాత్రి టీవీలో మా సర్వే ఎందుకు తప్పిందన్న చర్చ. డైరెక్టర్ గారు సూటు వేసుకుని కూర్చున్నారు. చుట్టూ మేధావులు. "ఓటరు మారిపోయాడండి, మన ముందు ఒకటి చెప్పి లోపల ఇంకోటి చేస్తున్నాడు. చూడండి" అన్నారు. తెర నిండా కోటమ్మ మొహం. నిటారుగా కూర్చుని, కొంగు సర్దుకుని. "అబద్ధం చెప్పింది మేం." అంతే. అక్కడికి కోసేశారు. మళ్ళీ వేశారు, మళ్ళీ అక్కడికే కోశారు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఒకాయనైతే, ఇంత నిజాయితీగా అబద్ధాన్ని ఒప్పుకున్న ఓటర్ని ఇప్పుడే చూస్తున్నానని జోకేశాడు. ఫోన్ తీసి డైరెక్టర్‌కు చేస్తే ఎత్తలేదు.

అక్కడితో అయిపోలేదు. శిరీష ఫొటో కూడా గ్రూపులో పడింది. జనం అబద్ధాలకోరులైతే ఆ అమ్మాయి తప్పేముందని మర్నాడు నిలదీశాను. క్లయింటుకు ఒక కారణం సరిపోదు మేడం, రెండూ ఉంటే బాగుంటుందన్నారు. రాజీనామా చేస్తానన్నాను. మీ ఇష్టం అన్నారు, కంప్యూటర్ వైపు చూస్తూనే. ఆ కాగితం ఇంకా ఇవ్వలేదు.

రెండు రోజులకు శిరీష నంబరు నుంచి ఫోనొచ్చింది. గ్రూపు గురించి అడుగుతుందేమో అనుకుంటూ ఎత్తాను. శిరీష కాదు.

"అమ్మా, నేను కోటమ్మని. ఈ పిల్ల చూడ్డానికొస్తే దీని ఫోన్లో చేయించా. మా ఊళ్ళో పిల్లలు నన్ను అబద్ధాల కోటమ్మ అంటన్నారు. పోనీలే, అననీ. నేను రెండు మాటలు చెప్పా గదమ్మా. టీవీలో ఒకటే వచ్చింది. రెండోది ఏదీ?"

"కోసేశారు పెద్దమ్మా."

"కోసినోడు ఎవరు?"

"మా డైరెక్టర్ గారు."

చాలా మామూలుగా, అందరినీ అడిగినట్టే అడిగింది.

"ఎవరబ్బాయి అతను?"

ఏళ్ళ తరబడి ఆయన దగ్గర పనిచేస్తున్నాను. ఆయన ఎవరబ్బాయో నాకు తెలీదు.